పరిగెకి మొలకొచ్చిందిరా: సిక్కోలులో నాలుగు రోజులు

ఇంటికొచ్చి రెండ్రోజులైంది. చొక్కాలు రెండుసార్లు ఉతికినా నీచు వాసన వదల్లేదు. మా ఆవిడ వాటిని బాల్కనీ దాటి లోపలికి రానివ్వడం లేదు. మర్చిపోకముందే రాసుకుందామని కూర్చున్నాను.

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోటో. మా పెద్దమ్మ కొడుకు శ్రీకాకుళంలో జువాలజీ పాఠాలు చెప్తాడు. జనవరి చివర్లో వాట్సాప్‌లో ఒక పరిగె చేప బొమ్మ పంపాడు. అరచేతిలో పాత అర్ధరూపాయి బిళ్ళలా మెరుస్తోంది. దాని రెక్క మొదట్లోంచి అరంగుళం తెల్లటి దారం వేలాడుతోంది. కింద ఒకటే ముక్క: "పరిగెకి మొలకొచ్చిందిరా. చూడ్డానికొస్తావా?"

ఊళ్ళో పాసుపుస్తకం పని ఎలాగూ మిగిలిపోయి ఉంది. శివరాత్రికి పది రోజుల ముందు బయల్దేరాను. ఆ దారం చూడగానే నాకు పాత సంగతొకటి గుర్తొచ్చింది కానీ, అన్నయ్యకి చెప్పలేదు.

మొదటి రోజు: శ్రీకాకుళం

ఆరింటికే లేపాడు అన్నయ్య. తొమ్మిదింటికి వెళ్తే మార్కెట్లో పొలుసులే మిగుల్తాయట. దారిలో బండి దగ్గర ఇద్దరికీ ఇడ్లీ, గారె కలిపి డెబ్భై రూపాయలు. పల్లీ చట్నీ మీద అల్లప్పచ్చడి అడక్కుండానే వేసేసింది బండి ఆవిడ. వద్దంటే నొచ్చుకుంటుందని ఊరుకున్నాను. మధ్యాహ్నం దాకా కడుపు మండింది.

మార్కెట్లో ముందు వరుసంతా సముద్రానిదే. వంజరం, చందువా, కానాగంతలు, ఎండు నెత్తళ్ళ గుట్టలు. లోపలికి వెళ్తే ఐసు డబ్బాల్లో కైకలూరు వైపు నుంచి వచ్చిన బొచ్చె, శీలావతి. వాటి పక్కనే పరదేశీ చేపలు, మన నోళ్ళలో పడి పేర్లు మారిపోయినవి. తిలాపియా ఇక్కడ జిలేబీ. పంగాసియస్ అయితే ఏకంగా 'ఫంగస్'. "ఫంగస్ కిలో నూట ముప్ఫై" అని ఒకతను గొంతు చించుకుంటున్నాడు. ఆ పేరు పెట్టి తినే సరుకు అమ్మగలిగినవాడు దేన్నైనా అమ్మగలడు. కొరమీనులు అల్యూమినియం బేసిన్లో ప్రాణంతో ఉన్నాయి, మీద వల కప్పి. కిలో అయిదొందల యాభై. బేరం లేదు.

పరిగెలు అమ్మే ఆవిడ అన్నిటికంటే చివర, గేటు పక్కన కూచుంది. ఐసు లేదు, డబ్బా లేదు. టేకాకుల మీద చిన్న చిన్న కుప్పలు.

"గెడ్డ పరిగెలు బాబూ. తెల్లారగట్ట పట్టినవి. కుప్ప వంద." గెడ్డంటే మా వైపు వాగు.

నోరు మాతో మాట్లాడుతూనే ఉంది, చెయ్యి మాత్రం తన పని తను చేసుకుపోతోంది. ఒక పరిగెని తీసి తిప్పడం, పక్కన వేలాడే దారాన్ని బొటనవేలి గోటితో తుంచడం, చేపని కుప్పలో పడేయడం. చిక్కుడుకాయకి ఈనె తీస్తున్నంత అలవాటుగా.

"అదేంటి పిన్నీ?"

"దారం బాబూ. వలది, తగులుకున్నాది."

"వల నీలం కదా. ఇది తెల్లగా ఉంది."

అప్పుడు తలెత్తి నా మొహం చూసింది. "సేపలు కొంతారా, పరిచ్చ రాత్తారా?"

రెండు కుప్పలు తీసుకుంటాం, కానీ ఇక తుంచొద్దు, ఉన్నవి ఉన్నట్టు ఇమ్మన్నాడు అన్నయ్య. ఆవిడ పక్కావిడ వైపు తిరిగి నవ్వింది. "ఓలమ్మా, ఈ బాబుకి పురుగులున్నవే కావాలంట!" దారం ఒక్క నిమిషంలో పురుగైపోయింది.

ఇంటి వరండాలో స్టీలు పళ్ళెం, భూతద్దం, వదిన కనుబొమ్మల పట్టకారు. (వదినకి ఈ సంగతి తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.) పరిగెని పడుకోబెట్టి, దారం చుట్టూ ఎర్రగా వాచిన చోట కండని బ్లేడుతో కొద్దిగా చీల్చి, దారాన్ని నెమ్మదిగా లాగాడు. బయట కనిపించింది సగమే. లోపల, కండలో దిగిన వైపు, దుప్పి కొమ్ముల్లా నాలుగు కొమ్ములున్నాయి. పడవ లంగరు ఇసకని పట్టుకున్నట్టు అవి మాంసాన్ని పట్టుకుంటాయి. అందుకే దీన్ని యాంకర్ వార్మ్ అంటారు. బయటి కొసన రెండు సన్నటి సంచులు. గుడ్లు.

"పేరుకే పురుగు. నిజానికి ఇది రొయ్యకి దాయాది" అన్నాడు అన్నయ్య. పాఠం మొదలైందని అర్థమైంది, కుర్చీ లాక్కున్నాను. దీని శాస్త్రీయ నామం లెర్నియా సైప్రినేసియా. 1758లోనే లిన్నేయస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పేరు పెట్టేశాడు. గుడ్లలోంచి వచ్చే పిల్లలు కంటికి కనిపించనంత చిన్నవి, నీళ్ళలో ఈదుతుంటాయి. కొన్నాళ్ళు చేప మొప్పల్లో తిరుగుతాయి. అక్కడ జత కట్టాక మగవి చచ్చిపోతాయి. ఆడది ఒంట్లోకి తల దూర్చి కొమ్ములు పెంచుకుని, ఇక అక్కణ్ణుంచి కదలదు. నీళ్ళు వెచ్చగా ఉంటే మూడు వారాల్లో మొత్తం చక్రం తిరిగొస్తుంది. సిక్కోలు నీళ్ళు ఎప్పుడు వెచ్చగా లేవు?

ప్రపంచమంతా ఇది తిరిగిందల్లా కార్పు చేపల మీద, ముఖ్యంగా గోల్డ్‌ఫిష్‌ల మీద. ఆస్ట్రేలియాకి, ఆఫ్రికాకి, అమెరికాకి అలాగే వెళ్ళింది. వెళ్ళిన చోటల్లా అక్కడి ఏటి చేపలకి ఎక్కింది. కిలో తూగే బొచ్చెకి ఒంటిమీద ఒక పురుగుంటే అదో దురద. వేలెడు పరిగెకి అదే పురుగంటే, మనకి పక్కటెముకల మధ్య మూర పొడుగు పలుగు దిగినట్టు.

గోల్డ్‌ఫిష్ అన్న మాట వినగానే నేను కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

1999లో నా దగ్గర అయిదు గోల్డ్‌ఫిష్‌లుండేవి. విశాఖలో కొని, ప్లాస్టిక్ సంచిలో పోసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నవి. హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక వాటినేం చెయ్యాలో తోచలేదు. చంపలేక మా ఊరి బందలో, అంటే చిన్న చెరువులో, వదిలేశాను. పుణ్యమే అనుకున్నాను అప్పుడు. వాటిలో ఒకదాని తోక దగ్గర ఒక తెల్ల దారం ఉండేది.

రెండో రోజు: పొందూరు

పొందూరు దేనికంటే వాలుగ పన్ను కోసం. సన్నఖద్దరుకి పత్తి దువ్వేది వాలుగ చేప దవడతోనని చిన్నప్పుడు విన్నదే కానీ ఎప్పుడూ చూడలేదు.

మేం వెళ్ళిన ఇంట్లో ముసలామె అరుగు మీద కాళ్ళు చాపుకుని కూచునుంది. ఎడమ చేతిలో కొండపత్తి ముద్ద, కుడి చేతిలో దవడ ముక్క. నా అరచేతిలో పెట్టింది. పసుపు తిరిగిన ఎముక మీద చిన్న చిన్న పళ్ళు, బ్రష్షులా దట్టంగా, అన్నీ లోపలికి వంగి ఉన్నాయి. దొరికిన చేప జారిపోకుండా దేవుడిచ్చిన పళ్ళు. పత్తిని దానిమీద లాగితే పోగులన్నీ ఒకే వైపు పడుకుంటాయి, చెత్త పళ్ళలో చిక్కుకుంటుంది. ఇనప దువ్వెన అయితే పోగు తెగిపోతుందట.

"ఇది మా అత్తది. ఇప్పుడు దొరకవు నాయనా. ఎవులైనా గోదారి కాణ్ణించి తెస్తే కొనుక్కుంతాం."

"నాగావళిలో ఉండవా?"

"ఉండేవి. నా పెళ్ళప్పుడు ఈ గుమ్మం పొడుగు వాలుగ తెచ్చినారు." గుమ్మం వైపు చూశాను. కొంత తగ్గించుకున్నా పెద్ద చేపే.

వాలుగ తగ్గడానికి పురుగొక్కటే కారణమని ఎవరూ అనరు. ఆనకట్టలు, ఇసక తవ్వకాలు, పిల్లల్ని కూడా వదలని దోమతెర వలలు, అన్నీ ఉన్నాయి. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ముప్పున్న చేపల్లో వాలుగ పేరుంది. పరిగెలు తిని బతికే చేప అది. పరిగెలు చిక్కితే దాని సంగతేంటని అడిగాను. అన్నయ్య జవాబు చెప్పకుండా ముసలామె ఇచ్చిన మజ్జిగ తాగుతూ కూచున్నాడు. వెళ్తూ వెళ్తూ రెండు తువ్వాళ్ళు కొన్నాం. మనిషి కూర్చోబెట్టి మజ్జిగిచ్చాక ఉత్తచేతులతో లేవడం ఆ వైపు మర్యాద కాదు.

తిరిగొస్తుంటే రోడ్డు పక్కన ఒక చేపల చెరువు. గట్టు మీద ఆగాం, ఎందుకంటే చెరువులో శీలావతులు ఊరికే ఎగిరెగిరి పడుతున్నాయి. చూడ్డానికి సరదాగా ఉంది. చెరువు రైతుకి మాత్రం సరదాగా లేదు.

"పేను పట్టినాది సార్. దురదకి ఎగుర్తున్నాయి. ఆ కర్రలకి రాసుకుంతన్నాయి సూడండి."

ఒక చేపని పట్టి చూపించాడు. పొట్ట మీద పెసరబద్దంత చదునైన, పారదర్శకమైన బిళ్ళ. గోటితో తోస్తే పాకుతూ పక్కకి పోయింది. ఇది ఆర్గులస్. లెర్నియాలా పాతుకుపోదు. రెండు చూషకాలతో అంటుకుని, సూది దించి పీల్చుకుని, విసుగేస్తే వదిలి ఇంకో చేప మీదకి ఈదుకుంటూ వెళ్తుంది. గుడ్లు చేప మీద పెట్టదు. గట్టిగా ఉన్నది ఏది దొరికితే దానికి వరుసలు వరుసలుగా అంటిస్తుంది. ఆ రైతు చెరువులో అక్కడక్కడా చెక్కపలకలు వేలాడదీశాడు. వారానికోసారి పైకి తీసి ఎండబెడతాడు. ఒక పలక చూపించాడు. గుడ్లు తెల్లగా, సన్నగా, కుట్టుమిషను మీద వేసినట్టు. పొద్దున పొందూరులో చూసిన పోగులకంటే శుభ్రమైన వరుసలు, చెప్పకూడదు కానీ.

పేలల్లో కొన్ని రకాలు ఈ ప్రాంతానివే. జపాన్ పేరు పెట్టుకున్న ఆర్గులస్ జపానికస్ మాత్రం గోల్డ్‌ఫిష్‌ల మీదెక్కి ప్రపంచం చుట్టింది. మళ్ళీ గోల్డ్‌ఫిష్.

మందు కొడతారా అని అడిగితే, కొడతాడు. పురుగుమందుల కొట్లో దొరికేదే. ఎకరానికి ఎంతవుతుందో చెప్పి నిట్టూర్చాడు. పేనూ రొయ్యా ఒకే కోవకి చెందినవి కాబట్టి ఆ మందు కొడితే చెరువులో రొయ్యపిల్లలూ పోతాయి. చెరువు నీళ్ళు ఎక్కడికి వదుల్తావని అడిగాడు అన్నయ్య. గట్టు అవతల గెడ్డ వైపు చెయ్యి చూపించాడు. అదేదో తప్పని అతనికీ అనిపించినట్టుంది, వెంటనే టీ తాగుతారా అని అడిగాడు.

మూడో రోజు: మడ్డువలస, సంగాం

రాజాం దాటాక తిరగాల్సిన చోట తిరగలేదు. చెరకు లోడు లారీ వెనక చిక్కుకుని, దాన్ని దాటే ధ్యాసలో సంకిలి దాకా వెళ్ళిపోయాం. తప్పు అన్నయ్యది. ఫోను మ్యాపు నాది కాబట్టి తిట్లు నాకు. దారి అడిగితే ఒక పెద్దాయన, "మడ్డువలసా? మీరు ఎనక్కి ఒగ్గీసొచ్చినారు" అని, మా బండి వెనక సీటెక్కి కూచుని దారి చూపించి, తన ఊరు రాగానే దిగిపోయాడు. ఆయనకి కావాల్సింది లిఫ్టేనని తర్వాత తట్టింది.

మడ్డువలస సువర్ణముఖి మీద కట్టిన జలాశయం. వంగర మండలం. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇది విజయనగరంలోకి వెళ్ళింది. చేపలకి ఆ కబురు అందలేదు. థర్మాకోల్ తెప్పల మీద పొద్దున్నే వలలు తీసుకుని వచ్చినవాళ్ళు గట్టున కూచుని చోడి అంబలి తాగుతున్నారు. మాకూ చెరో గ్లాసు పోశారు, పచ్చి ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప ముక్కతో. డబ్బు తీసుకోలేదు. హైదరాబాదులో దీన్నే రాగి మాల్ట్ అని నూట ఇరవైకి అమ్ముతారు, ఎండుచేప లేకుండా.

వలలో పడినవి చూస్తే సగానికి పైగా జిలేబీలు, కొన్ని బంగారుతీగలు (కామన్ కార్పు), గడ్డిచేపలు (గ్రాస్ కార్పు) రెండు. జెల్లలు ఒక గుప్పెడు. బొమ్మిడాయి ఒకే ఒక్కటి, దాన్ని ఎవరికీ అమ్మకుండా తెడ్డు కింద దాచుకున్నాడొకతను. జిలేబీ మన దేశానికి వచ్చింది 1952లో. గడ్డిచేప 1959లో. గడ్డిచేపతో పాటు దాని పేగులో బతికే ఆసియా బద్దెపురుగు కూడా దేశాలు తిరిగింది. నీళ్ళలో నలకంత జీవి ఆ పురుగు పిల్లని మింగుతుంది, చేప ఆ నలకని మింగుతుంది, అంతే. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ దొరికిందట. ఈ సంగతి గట్టు మీద అంబలి తాగుతుండగా చెప్పాడు అన్నయ్య. ఎప్పుడు ఏది చెప్పాలో ఆయనకి ఎప్పుడూ తెలియదు.

పిల్లచేపలు ఎలా వదులుతారో వాళ్ళే చెప్పారు. వానలు పడ్డాక లారీలో ఆక్సిజన్ సంచులు వస్తాయి. గట్టున సంచి మూతి విప్పి, చేపలూ నీళ్ళూ కలిపి జలాశయంలోకి బోర్లించేయడమే.

"నీళ్ళు కూడానా?"

"నీళ్ళు పారబోస్తే పిల్లలు ఎలా వత్తాయి బాబూ?"

ఉప్పునీళ్ళలో కాసేపు ముంచి, సంచి నీళ్ళు నేలమీద పోసి, చేపల్ని మాత్రం వదలాలని పుస్తకాల్లో ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో, లారీ డ్రైవరు హారన్ కొడుతుండగా, వేల సంచుల దగ్గర ఆ పుస్తకం ఎవరు తెరుస్తారు? నేనైతే తెరవను.

వాళ్ళలో తల నెరిసినాయన ఒకడు అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. పురుగు మాట వినీ వినీ, "ఇదేటి. పుండ్ల జబ్బు సూడనేదు మీరు" అన్నాడు. అది వచ్చేనాటికి ఆయనకి మీసాలు రాలేదు. కొరమీనులు, మట్టగిడసలు, పరిగెలు ఒంటినిండా ఎర్రటి పుండ్లతో నీళ్ళమీద తేలాయి. కొన్నిటికి తల వెనక ఎముక కనిపించేది. ఆ ఏడాది ఎవరూ చేప కొనలేదు. వాళ్ళమ్మ నెల రోజులు కూలికెళ్ళింది.

అన్నయ్య వెంటనే లెక్క కట్టాడు. ఆ జబ్బు జపాన్‌లో 1971లో మొదట కనబడి, ఆసియా అంతా పాకి, 1988లో ఈశాన్య రాష్ట్రాల నుంచి మన దేశంలో దిగి, కొన్నేళ్ళలోనే ఇటువైపు వచ్చింది. దానికి కారణం అఫనోమైసిస్ ఇన్వడాన్స్, బూజులాంటి జీవి. చెరువుల్లో సున్నం చల్లడమే అప్పటి వైద్యం. పెద్దాయన ఆ పేరు రెండుసార్లు పలికించుకుని విన్నాడు. తన చిన్నప్పటి ఆకలికి ఒక పేరుందని అప్పుడే తెలిసినట్టు.

మధ్యాహ్నం సంగాం వెళ్ళాం. నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసే చోటు. సంగమేశ్వరుడి గుడి దగ్గర శివరాత్రి జాతరకి పందిళ్ళు లేస్తున్నాయి. మోకాలి లోతు నీళ్ళలో ఇద్దరు గుంటలు చున్నీతో పరిగెలు పడుతున్నారు. అడిగి చూశాం. కొన్నిటికి దారాలున్నాయి. ఒక గుంటడు దారం పట్టుకుని చేపని గాలిపటంలా వేలాడదీసి చూపించాడు.

నాలుగో రోజు: మా ఊరు

పాసుపుస్తకం పని కాలేదు. సంతకం పెట్టే ఆయన సెలవు. దాని గురించి ఇంతకంటే రాయను.

ఊరి బంద సగం ఎండింది. మెట్లు పద్నాలుగు బయటపడ్డాయి. నా చిన్నప్పుడు ఏడే కనిపించేవి. అన్నయ్య ఒక కుర్రాడికి వంద రూపాయలిచ్చి విసురు వల వేయించాడు. నాలుగు విసుర్లకి నలభై మూడు పరిగెలు. అన్నయ్య పాత నోటుపుస్తకంలో గీతలు గీస్తూ, నేను ఒక్కోటి తిప్పి చూస్తూ, పన్నెండింటికి దారాలు లెక్కపెట్టాం. ఒకదానికి మూడున్నాయి. దాని పొట్ట లోపలికి పోయి, తల ఒంటికంటే పెద్దదిగా కనబడుతోంది. నీళ్ళలో వదిలితే పక్కకి ఒరిగి ఈదింది.

మెట్ల మీద కూచుని అప్పుడు చెప్పాను. విశాఖ, సంచి, అయిదు చేపలు, తోక దగ్గర దారం. 1999. ఇదిగో ఈ మూడో మెట్టు మీంచే.

అన్నయ్య పెన్ను మూత పెట్టాడు. "ఎన్నన్నావు?"

"అయిదు."

"బంగారుతీగ మన దేశంలోకి వచ్చింది 1939లో. ఇంకో రకం 1957లో బ్యాంకాక్ నుంచి. ఈ బందని వేలంపాటలో పాడుకున్నవాడు ఏటా లారీడు చేపపిల్లల్ని తెచ్చి పోస్తాడు. నీ అయిదు చేపలు ఏం చేశాయంటావు? నీకంత సీను లేదురా."

తేలికపడ్డాననుకున్నాను. బట్టలు దులుపుకుని లేస్తూ, "అయినా వదలకుండా ఉండాల్సింది" అన్నాడు.

వల వేసిన కుర్రాడు ఇదంతా విన్నాడు. గోల్డ్‌ఫిష్ ఎంతవుతుందని అడిగాడు. ఆముదాలవలసలో జత ఎనభైకి ఇస్తున్నారని వాడే చెప్పాడు. చెల్లెలికి కొందామనుకుంటున్నాడట. పెద్దయ్యాక ఏం చేస్తావని అడిగితే బంద వైపు చూశాడు. అన్నయ్య వాడి భుజం మీద చెయ్యేసి గట్టు చివరిదాకా నడిపించుకుంటూ వెళ్ళాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు.

మిగిలిన పరిగెలు పిన్ని తీసుకుంది. బూడిద రాసి బండ మీద తోమి, తలలు తీసి, ఉప్పు, కారం, పసుపు పట్టించి, ఇనప పెనం మీద కరకరలాడేలా వేయించింది. పక్కన పచ్చి మామిడికాయ వేసిన పప్పు, వేడన్నం. ఉడికిన చేపతో ఆ పురుగు మనల్ని ఏమీ చెయ్యదు, పచ్చిగా ఉన్నా మన ఒంట్లో బతకదు. అన్నయ్య నాలుగు రోజులుగా చెప్తున్నదే. తనైతే అప్పటికే ఎనిమిది తిన్నాడు.

నేను ఒక్కో పరిగెని దీపం వైపు తిప్పి, రెండు పక్కలా చూసి నోట్లో పెట్టుకుంటున్నాను. పిన్ని అన్నం వడ్డిస్తూ ఆగింది.

"ఏట్రా ఎతుకుతున్నావు? ముల్లా?"

"అవును పిన్నీ" అన్నాను.